పాత మిలటరీ రైఫిలుకు న్యాయమైన వెల ఎంత?

తుపాకి లైసెన్సు వున్న ఇంటి పెద్ద కాలం చేస్తే ఆ ఇంటివారిని వెంటనే వేధించే ప్రశ్న ఒకటుంది. ఆ తుపాకిని ఏం చేయాలి, అమ్మితే ఎంత వస్తుంది? ఎకరం పొలం ఎంతో, పాడిగేదె ఎంతో, పాత ట్రాక్టరు ఎంతో ఊళ్ళో పదిమందిని అడిగితే తెలుస్తుంది. తుపాకి వెల మాత్రం చెప్పేవాడు దొరకడు. చెప్పగలిగినవాడు సాధారణంగా దాన్ని కొనదలచిన వ్యాపారే అయివుంటాడు. కొనేవాడే వెలకట్టే బేరంలో అమ్మేవాడికి న్యాయం జరగడం అరుదు.

ఇందుకు పూర్తిగా ఎదురైన ప్రమాదం మరొకటుంది. "మిలటరీవాళ్ళు వాడి వదిలేసిన రైఫిలు, చౌకగా ఇప్పిస్తాను, అడవిపందుల బెడద వుండదు" అని ఎవరైనా చెవిలో వేస్తే ఆశపడే రైతులు లేకపోలేదు. ఏటా చేతికొచ్చిన పైరును పందులు తొక్కిపోతుంటే ఎవరికైనా ఆశ పుట్టడం సహజమే. ఆ రైఫిలు ధర ఎంత తక్కువైనా అది నష్టపు బేరమే. ఎందుకో ముందు ముందు చూద్దాం.

ఈ రెండు సందర్భాలకూ మూలసూత్రం ఒకటే. పాత తుపాకి వెల దాని ఇనుములోనూ కర్రలోనూ లేదు. దానికి తూటా దొరుకుతుందా, దాని కాగితాలు సరిగా వున్నాయా, చట్టప్రకారం దాన్ని కొనగలవారు ఎందరున్నారు అనే మూడింటిలో వుంది. పనితనం, పాతదనం ఆ తరువాతి మాట. ఇది తెలియని కుటుంబాలు విలువైన వస్తువును పాత ఇనుము వెలకు వదులుకుంటున్నాయి, లేదా గడువు దాటనిచ్చి మొత్తానికే పోగొట్టుకునే స్థితి తెచ్చుకుంటున్నాయి.

మిగులు సరుకు కథ

సైన్యం కొత్త ఆయుధానికి మారినప్పుడు పాతవి మిగిలిపోతాయి. వాటినే మిలటరీ మిగులు సరుకు అంటారు. జీపులు, డేరాలు, కంబళ్ళు వంటివి మన దేశంలోనూ వేలంలో పోతాయి. రైఫిళ్ళను కూడా పౌరులకు అమ్మే దేశాలు కొన్ని వున్నాయి. వాటిలో ప్రధానమైనది అమెరికా. పాత సైనిక రైఫిలు వెల ఎలా పెరుగుతుందో, ఎలా పడిపోతుందో తెలుసుకోవాలంటే ఆ దేశపు బజారును పరిశీలించడమే మార్గం. ఆ బజారులో ఇండియాలో తయారైన రైఫిళ్ళు కూడా వున్నాయి.

మన పెద్దలు 'త్రీ నాట్ త్రీ' అని పిలిచిన 303 రైఫిలు అసలు పేరు లీ-ఎన్‌ఫీల్డు. బ్రిటిషు సైన్యం 1895లో దీన్ని చేపట్టింది. దాదాపు నాలుగు కిలోల బరువు, పది తూటాలు పట్టే పెట్టె, ఒక్కో తూటాకు చేత్తో వెనక్కి లాగి ముందుకు తోసే బోల్టు దీని ఆనవాళ్ళు. కలకత్తా సమీపంలోని ఇషాపూర్ రైఫిలు ఫ్యాక్టరీలో ఇవి లక్షలుగా తయారయ్యాయి. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ భారత సైనికుని చేతిలో వున్నది ప్రధానంగా ఇదే. మిలటరీ మాధవరంగా పేరుబడ్డ ఊరున్న పశ్చిమ గోదావరి జిల్లాలో ఈ రైఫిలు పేరు వినని పాత సైనిక కుటుంబం వుండదు.

1962లో చైనాతో యుద్ధం తరువాత అదే నమూనాను 7.62 మిల్లీమీటర్ల తూటాకు మార్చి, పన్నెండు తూటాల పెట్టెతో ఇషాపూర్‌లో తయారుచేశారు. కొంతకాలానికి ఇవి కూడా మిగులు సరుకై అమెరికా బజారుకు చేరాయి. ఇప్పటికీ అక్కడి వేటగాళ్ళు, పాత ఆయుధాలు సేకరించేవారు వీటిని కొంటూ అమ్ముకుంటూ వున్నారు.

రెండో ప్రపంచ యుద్ధం తరువాత యూరపు సైన్యాలు పాత రైఫిళ్ళను టోకున వదిలించుకున్నాయి. సరుకు ఎక్కువ, అడిగేవాడు తక్కువ. దాంతో వెల దారుణంగా పడిపోయింది. 1963లో అధ్యక్షుడు కెనెడీ హత్యకు వాడిన రైఫిలు అలాంటిదే. 1940లో ఇటలీలో తయారైన ఆ కార్కానో రైఫిలును దుర్భిణీతో సహా 19 డాలర్ల 95 సెంట్లకు పోస్టుద్వారా తెప్పించుకున్నారు. ఒక దేశాధినేతను బలిగొన్న ఆయుధం వెల ఇరవై డాలర్లు! ఆ తరువాత 1968లో వచ్చిన చట్టం తుపాకులను పోస్టులో తెప్పించుకోవడాన్ని నిషేధించి, విదేశీ సైనిక మిగులు దిగుమతికి కూడా అడ్డుకట్ట వేసింది. 1980 దశకం మధ్యలో పాత రైఫిళ్ళ విషయంలో ఈ కట్టడి సడలింది. సరుకు మళ్ళీ వెల్లువెత్తింది.

రష్యన్ రైఫిలు నేర్పే పాఠం

రష్యా సైన్యపు మోసిన్-నగాంత్ రైఫిలు కథ ఇంకా స్పష్టంగా వుంటుంది. మూడు కోట్లకు పైగా తయారైన రైఫిలు ఇది. సోవియట్ యూనియన్ 1991లో విచ్ఛిన్నమైన తరువాత గోదాముల కొద్దీ సరుకు బయటకు వచ్చింది. 2000 దశకంలో అమెరికాలో వంద డాలర్లకు లోపే ఒక రైఫిలు వచ్చేది. దాని తూటాలు రేకు డబ్బాల్లో 440 చొప్పున చౌకగా దొరికేవి. తరువాతి దశాబ్దంలో రాక తగ్గింది. వెల మూడు నాలుగింతలైంది. 2021లో అమెరికా ప్రభుత్వం రష్యా తూటాల దిగుమతికి కొత్త అనుమతులు నిలిపివేసింది. చౌక తూటాల కాలం దానితో చాలావరకు ముగిసింది.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ఈ ముప్పై ఏళ్ళలో ఆ రైఫిలు ఇనుము మారలేదు, కర్ర మారలేదు, పనితనం మారలేదు. మారినవి సరుకు రాక, తూటాల లభ్యత, ప్రభుత్వ నిబంధనలు. వరిధాన్యం నాణ్యత ఒకటే అయినా కళ్ళంలో ఒక వెల, నాలుగు నెలలు ఆగితే మరో వెల పలికినట్టే ఇది కూడా. వస్తువును మాత్రమే చూసి వెలకట్టేవాడు మోసపోతాడు.

జాగ్రత్తగల కొనుగోలుదారు ఏం చూస్తాడు?

పాత సైనిక రైఫిలు కొనేటప్పుడు తెలిసినవారు పాటించే పరీక్షలు కొన్ని వున్నాయి. ఇవి లైసెన్సున్న ఏ పాత తుపాకికైనా చాలావరకు వర్తిస్తాయి.

మొదటిది నంబరు. సైనిక రైఫిలుకు గొట్టం వెనుకభాగం మీద, బోల్టు మీద, ఇతర ముఖ్య భాగాల మీద ఒకే నంబరు కొట్టివుంటుంది. అన్నీ కలిస్తే ఆ రైఫిలు కార్ఖానా నుండి వచ్చినది వచ్చినట్టు వుందని అర్థం. కలవకపోతే నాలుగు తుపాకుల విడిభాగాలతో ఒకటి కూర్చారని అర్థం. అలాంటిదానికి సేకరణకర్త వెల బాగా తగ్గిస్తాడు. మన దగ్గర ఇది వెల సమస్య మాత్రమే కాదు. లైసెన్సు మీద వున్న నంబరుకూ తుపాకి మీద వున్న నంబరుకూ ఒక్క అంకె తేడా వచ్చినా ఆ బేరం ఠాణా మెట్లు ఎక్కుతుంది.

రెండోది గొట్టం. గొట్టం లోపల మెలికలు తిరిగిన గాడులు వుంటాయి. తూటా గిర్రున తిరుగుతూ సూటిగా పోయేటట్టు చేసేవి అవే. ఒక చివర తెల్ల కాగితం వెలుగులో పెట్టి రెండో చివరనుండి చూస్తే గాడులు పదునుగా, మెరుస్తూ కనపడాలి. నల్లగా గుంటలు పడి వుంటే తుప్పు తినేసిందన్నమాట. పాత సైనిక తూటాల్లో మంటపుట్టించే మందు కాలిన తరువాత ఒక విధమైన ఉప్పు మిగులుతుంది. అది గాలిలో తేమ పీల్చుకుని గొట్టాన్ని తినేస్తుంది. పేల్చిన వెంటనే వేడినీళ్ళతో కడిగి, ఆరబెట్టి, నూనె పట్టించని రైఫిలు ఒక్క వానాకాలంలో పాడైపోతుంది.

మూడోది బోల్టు మూసినప్పుడు తూటా వెనుక మిగిలే సందు. ఇది వెంట్రుకవాసి ఎక్కువైతే తూటా గొట్టం చీలి, మంట పేల్చేవాడి ముఖం మీదకు వస్తుంది. లీ-ఎన్‌ఫీల్డు నాలుగో నమూనాలో ఈ సందును సరిచేయడానికి బోల్టు తలలను 0 నుండి 3 వరకు నాలుగు కొలతల్లో తయారుచేశారంటే దీని ప్రాధాన్యం తెలుస్తుంది. ఒక రైఫిలు బోల్టు మరో రైఫిలుకు పడితే పట్టవచ్చు, ప్రాణానికి మాత్రం భరోసా లేదు. కొలత గేజి వున్న పనివాడు చూడకుండా దీన్ని తేల్చరాదు.

నాలుగోది కర్ర, పైమెరుగు. పాతదానికి కొత్త మెరుగు పెట్టిస్తే వెల పెరుగుతుందని మనవారి నమ్మకం. పాత ఆయుధాల విషయంలో ఇది తలకిందులు. ఉప్పుకాగితంతో రుద్ది, వార్నీషు వేసి, గొట్టం కోసి పొట్టిచేసి, 'అందంగా' మార్చిన సైనిక రైఫిలుకు సేకరణకర్త సగం వెల కూడా ఇవ్వడు. కార్ఖానా ముద్రలు, తయారైన సంవత్సరం, పాత గీతలు, అన్నీ అలాగే వుండటమే విలువ. మురికి తుడవాలి, చరిత్రను తుడవకూడదు.

ఐదోది తూటా. దొరకని తూటాకు తయారైన తుపాకి గోడకు తగిలించుకునే అలంకారమే. అడిగిన వెల న్యాయమో కాదో చెప్పే ముందు ఆ తూటా ఎక్కడ దొరుకుతుంది, ఎంతకు దొరుకుతుంది, ఎన్ని ఇస్తారు అని అడగాలి.

ప్రభుత్వమే వెల ప్రకటిస్తే?

అమెరికాలో తుపాకి బేరాల రొద మధ్య ఒక పద్ధతి ప్రశంసనీయంగా వుంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికులు వాడిన ఎం-1 గారండ్ రైఫిళ్ళను అర్హులైన పౌరులకు అమ్మే సంస్థ ఒకటుంది. 1903లో ప్రభుత్వ పథకంగా మొదలైన గురి శిక్షణ కార్యక్రమం, 1996 నాటి చట్టంతో ప్రత్యేక సంస్థగా మారింది. ఈ సంస్థ రైఫిళ్ళను పరీక్షించి తరగతులుగా విడదీస్తుంది. గొట్టం అరుగుదల, కర్ర స్థితి, పైరంగు చూసి ఏ తరగతో నిర్ణయిస్తుంది. ఒక్కో తరగతికి ఒక్కో వెల ముందుగానే ప్రకటిస్తుంది. బేరం లేదు, పరపతి లేదు. మరీ అరుదైనవాటిని మాత్రం వేలం వేస్తుంది. కొనేవాడికి తానేం కొంటున్నాడో, ఎందుకంత చెల్లిస్తున్నాడో తెలుసు.

న్యూజిలాండులో జరిగింది మరో తరహా. 2019 మార్చి 15న క్రైస్ట్‌చర్చ్‌లో మసీదులపై జరిగిన కాల్పుల తరువాత ఆ దేశం సైనిక తరహా సెమీ-ఆటోమేటిక్ తుపాకులను నిషేధించింది. చట్టబద్ధంగా కొన్నవారి వద్దనుండి వాటిని ప్రభుత్వమే తిరిగి కొన్నది. ఇందుకు ఒక్కో నమూనాకు మూలధర నిర్ణయించి పట్టిక ప్రచురించింది. కొత్తవి, దాదాపు కొత్తవి అయితే మూలధరలో 95 శాతం, వాడినవి అయితే 70 శాతం, బాగా చెడినవి అయితే 25 శాతం చెల్లించింది. ఊరూరా సమావేశ మందిరాల్లో శిబిరాలు పెట్టి 50 వేలకు పైగా ఆయుధాలు సేకరించింది. వెల చాలలేదని గొణిగినవారు వున్నారు. అయినా పట్టిక అందరి ముందూ వుంది కనుక ఒకడికి ఎక్కువ, ఒకడికి తక్కువ అనే మాటకు తావు తగ్గింది.

ఈ రెండు ఉదాహరణల్లోనూ సారం ఒక్కటే. న్యాయమైన వెల అంటే ఎక్కువ వెల అని అర్థం కాదు. అందరికీ తెలిసిన కొలమానంతో, అందరి ముందూ కట్టిన వెల అని అర్థం.

మన దేశంలో 303కు వెల లేదు

ఇప్పుడు మన పల్లెల సంగతికి వద్దాం. అమెరికాలో మూడు నాలుగు వందల డాలర్లో, అంతకు మించో పలికే 303 రైఫిలుకు మన ఊళ్ళో చట్టబద్ధమైన వెల సున్నా. కారణం నిబంధనల్లోనే వుంది. 303 లేదా 7.62 మిల్లీమీటర్ల సర్వీసు తూటా పేలగల బోల్టు రైఫిళ్ళు, 410 మస్కెట్లు, 9 మిల్లీమీటర్ల సర్వీసు తూటా పేలగల పిస్తోళ్ళు నిషిద్ధ ఆయుధాల జాబితాలో వున్నాయి. వీటికి జిల్లా కలెక్టరు లైసెన్సు ఇవ్వలేరు. కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప ఎవరూ వుంచుకోరాదు.

ఈ నిషేధం స్వతంత్ర ప్రభుత్వం కనిపెట్టినది కాదు. సైన్యం నుండి, పోలీసుల నుండి తూటాలు బయటకు పొక్కితే అవి జనం చేతిలోని తుపాకుల్లో పట్టకూడదని తెల్లదొరలు సర్వీసు కొలతలను పౌరులకు నిషేధించారు. వారి భయం నిరాధారం కాదు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై వరుసగా మూడు రోజులు దాడిచేసి తుపాకులూ తూటాలూ తీసుకువెళ్ళడం మన మన్యం చరిత్రే. సొంత పోలీసులను సైతం అనుమానించిన దొరలు 303 రైఫిలు గొట్టాన్ని తొలిచి వెడల్పుచేసి, ఒక్కసారికి ఒక్క తూటా మాత్రమే పేలే 410 మస్కెట్‌గా మార్చి పోలీసులకు ఇచ్చారు. ఆ మస్కెట్టు ఈనాటికీ నిషిద్ధ జాబితాలో వుండటం ఆ పాత కథకు కొనసాగింపే.

303 పౌరులకు అందకపోవడంతో ఇండియాలో 315 కొలత రైఫిలుకు గిరాకీ ఏర్పడింది. స్వాతంత్ర్యం తరువాత ఇషాపూర్ ఫ్యాక్టరీ లీ-ఎన్‌ఫీల్డు యంత్రాంగంతోనే 315 వేట రైఫిలు తయారుచేసి లైసెన్సుదారులకు అమ్మింది. పైకి చూస్తే అన్నదమ్ముల్లా వుండే ఈ రెండింటిలో ఒకటి నిషిద్ధం, ఒకటి చట్టబద్ధం. తేడా తూటా కొలతలో మాత్రమే వుంది. వెల ఇనుములో లేదు అనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

పోలీసుశాఖలు పాత 303లను మార్చుకుంటూ వచ్చాయి. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 రిపబ్లిక్ దినోత్సవ కవాతులో వాటికి లాంఛనంగా వీడ్కోలు చెప్పారు. అలా మార్చిన సరుకు పౌరులకు అమ్మకానికి రాదు. సైనికుడు పదవీ విరమణ చేసినప్పుడు తన సర్వీసు రైఫిలును వెంట తెచ్చుకోడు. అది ప్రభుత్వపు సొత్తు. కనుక "మిలటరీ మిగులు రైఫిలు వుంది, అమ్ముతాను" అని ఎవడైనా పల్లెలో చెబితే, అది దొంగ సరుకైనా అయివుండాలి, నాటు సరుకైనా అయివుండాలి. 2019లో సవరించిన ఆయుధాల చట్టం ప్రకారం నిషిద్ధ ఆయుధం దగ్గరుంచుకుంటే ఏడేళ్ళకు తగ్గని, పద్నాలుగేళ్ళదాకా జైలు. పందుల బెడద కోసం కొన్న రైఫిలు పద్నాలుగేళ్ళ జీవితాన్ని తినేస్తే అది ఏ లెక్కన చౌక?

లైసెన్సు తుపాకి వెల ఎందుకు పడిపోయింది?

చట్టబద్ధమైన తుపాకుల సంగతి వేరు. 12 బోరు డబుల్ బారెల్, 315 రైఫిలు వంటివి రైతుల ఇళ్ళలోనూ, బ్యాంకుల్లో కాపలా ఉద్యోగం చేసే మాజీ సైనికుల వద్దా వున్నాయి. 1980 దశకం మధ్యనుండి క్రీడాకారులకు తప్ప మామూలు పౌరులకు విదేశీ తుపాకుల దిగుమతి ఆగిపోవడంతో అప్పటికే దేశంలో వున్న మంచి ఇంగ్లీషు తుపాకులకు గిరాకీ పెరిగింది. రాక ఆగితే వెల పెరుగుతుందన్న రష్యన్ రైఫిలు పాఠమే ఇక్కడా వర్తించింది.

కాని 2019 డిసెంబరులో వచ్చిన సవరణ ఈ లెక్కను మార్చింది. అంతకుముందు ఒకరికి మూడు తుపాకులదాకా వుండవచ్చు. మొదట ఒక్కటికే పరిమితం చేయాలని బిల్లులో ప్రతిపాదించినా చివరకు రెండుగా చట్టమైంది. మూడోది వున్నవారు ఏడాదిలోగా ఠాణాలోనో లైసెన్సున్న వ్యాపారి వద్దనో జమచేయాలి. వారసత్వంగా వచ్చినవాటికి కూడా ఈ రెండు పరిమితి వర్తిస్తుంది. అంటే అమ్మవలసినవారు పెరిగారు, కొనగలవారు తగ్గారు. కొత్త లైసెన్సులు సులభంగా రావు. లైసెన్సుకు ప్రత్యేక గుర్తింపు సంఖ్య లేకపోతే అది చెల్లదు. ఇన్ని వడపోతల తరువాత ఒక జిల్లాలో ఒక పాత తుపాకిని కొనగల మనుషులు వేళ్ళమీద లెక్కపెట్టేంతమందే మిగులుతారు. అలాంటి బజారులో వ్యాపారి చెప్పిందే వెల అవుతుంది.

వారసులు తెలుసుకోవలసినవి

ఇంటి పెద్ద పోయిన తరువాత తుపాకిని అటకమీద పెట్టి వూరుకోవడం పెద్ద పొరపాటు. లైసెన్సు ఆయన పేరున వుంది కనుక ఇతరులు దాన్ని వుంచుకోవడం నేరమవుతుంది. ఆలస్యం చేయకుండా దగ్గరి ఠాణాలోగాని లైసెన్సున్న ఆయుధ వ్యాపారి వద్దగాని జమచేసి రశీదు తీసుకోవాలి. జమచేసినంత మాత్రాన తుపాకి ప్రభుత్వపరం కాదు. లైసెన్సు సంపాదించుకుంటే తిరిగి తీసుకోవచ్చు. అర్హుడైన మరొకరికి అమ్మి సొమ్ము తీసుకోవచ్చు. ఈ హక్కు చట్టంలో స్పష్టంగా వుంది. అయితే నిర్ణీత గడువులోగా ఏదీ చేయకపోతే జిల్లా మేజిస్ట్రేటు ఉత్తర్వుతో అది ప్రభుత్వానికి జప్తు అవుతుంది. ఆ గడువు ఏ తేదీతో ముగుస్తుందో రశీదు తీసుకునేనాడే అడిగి రాయించుకోవడం మంచిది.

ఇంటి పెద్ద బతికివుండగానే చేయగలది మరొకటుంది. 2016 నిబంధనల ప్రకారం లైసెన్సుదారుకు డెబ్బయ్యేళ్ళు నిండినా, తుపాకి చేతికొచ్చి పాతికేళ్ళు అయినా, ఏది ముందైతే అప్పుడు తన వారసుల్లో ఒకరి పేరును సూచించవచ్చు. ఆ వారసుడు లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవచ్చు. పెద్దాయన కళ్ళముందే ఇది జరిగితే పోయిన తరువాత పరుగులు వుండవు.

వ్యాపారికే అమ్మాలన్న నియమం ఏదీ లేదు. తన సొంతానికి చట్టబద్ధంగా వుంచుకున్న తుపాకిని, తగిన లైసెన్సున్న మరో వ్యక్తికి నేరుగా అమ్మవచ్చు. అయితే అమ్మదలచిన సంగతి, కొనేవారి పేరు, చిరునామా జిల్లా మేజిస్ట్రేటుకుగాని దగ్గరి ఠాణా అధికారికిగాని లిఖితపూర్వకంగా తెలపాలి. ఆ తరువాత 45 రోజులు గడవాలి. ఆ లోపు తుపాకి చేతులు మారకూడదు. కొనేవారి లైసెన్సులో ఆ తరహా ఆయుధం రాసివుందో లేదో కళ్ళారా చూడాలి. ఈ దారి చాలామందికి తెలియక మొదట కనపడిన వ్యాపారికి అప్పగించి వస్తున్నారు.

వెలకట్టడానికి ఒక మోటు లెక్క చెప్పవచ్చు. అదే తరహా కొత్త తుపాకి ఫ్యాక్టరీ ధర ఎంతో ముందు తెలుసుకోవాలి. దాన్ని వందగా పెట్టుకోవాలి. గొట్టం శుభ్రంగా వుండి, నంబర్లు కలిసి, కాగితాలు సరిగా వుంటే న్యూజిలాండు పట్టికలో వాడినదానికి కట్టిన డెబ్బయి దగ్గర మాట మొదలుపెట్టవచ్చు. గొట్టంలో గుంటలుంటే, కర్ర పగిలివుంటే పాతికకు దిగవచ్చు. పేరున్న పాత విదేశీ తయారీ అయితే ఈ లెక్క వర్తించదు. అది వందను దాటవచ్చు కూడా. కనీసం ముగ్గురు వ్యాపారుల వద్ద వెల అడిగి కాగితం మీద రాయించుకున్న తరువాతే మాట ఇవ్వాలి. పూర్తిగా పాడై, మరమ్మతు చేసినా పేలని పురాతన ఆయుధాలకు చట్టంలో మినహాయింపు వుంది. అయితే పేలదని నిర్ణయించవలసింది మనం కాదు. అధికారులకు చూపించి కాగితం తీసుకోవాలి.

అధికారులు చేయవలసినది

ప్రతి ఎన్నికలకూ లైసెన్సు తుపాకులు ఠాణాలకు చేరతాయి. అప్పుడు వాటి నంబరుతో పాటు గొట్టం, కర్ర, బోల్టు స్థితిని కూడా రశీదులో రాస్తే, తిరిగి తీసుకునేనాడు తుప్పు ఎక్కడ పట్టిందన్న వివాదం రాదు. మూలన నిలబెట్టి నెలల తరబడి నూనె చుక్క తగలని తుపాకి వెల ప్రతి నెలా తరుగుతుంది. ఆ నష్టం భరించేది విధవరాలైన ఇల్లాలో, పింఛను మీద బతికే మాజీ సైనికుడో అవుతున్నారు.

కలెక్టరు కార్యాలయాలు మరొక్క పని చేయవచ్చు. 12 బోరు, 315 వంటి నాలుగైదు తరహాల తుపాకులకు బాగున్నది, వాడినది, చెడినది అనే మూడు తరగతులుగా ఏడాదికొకసారి సూచన ధరల పట్టిక తయారుచేసి ఠాణా నోటీసు బోర్డుమీద అంటించవచ్చు. పోలీసు ఆయుధాగారాల్లో తుపాకి స్థితిని చూసి చెప్పగల పనివారు వున్నారు. ఇందుకు కొత్త చట్టం అక్కరలేదు, ఖర్చు కూడా పెద్దగా లేదు. పొలానికి రిజిస్ట్రేషను విలువ ప్రకటించగలిగిన ప్రభుత్వం, తానే లైసెన్సు ఇచ్చి తానే పరిమితి విధించిన వస్తువుకు సూచన ధర ప్రకటించలేకపోవడానికి కారణం కనపడదు.

అంతవరకు ఇంట్లో లైసెన్సు తుపాకి వున్నవారు రశీదు, గడువు, మూడు చోట్ల వెల అనే మూడింటినీ మరువకూడదు. లైసెన్సు లేనివారు మిలటరీ రైఫిలు చౌకగా వస్తుందన్న మాట వింటే ఆ వెల ఎంతని అడగకుండానే వెనుదిరగడం మేలు.